అల్లం బిస్కెట్ల ఊరికి బుజ్జిగాడి ట్రామ్

చిట్టితల్లీ,

నీ మెసేజ్ చదివాను. బుజ్జిగాడి బార్నెహాగె (చిన్నపిల్లల బడి) వాళ్ళు ఈసారి పెప్పర్‌కాకెబీయెన్‌కి, అదే క్రిస్మస్ ముందు కట్టే అల్లం బిస్కెట్ల ఊరికి, ఇంటికొక బిస్కెట్ బొమ్మ చేసి పంపమన్నారని, నీకు అప్పుడే టెన్షన్ పట్టుకుందని రాశావు. ఫోన్లో చెబితే పిండి కలిపే వేళకి సగం గుర్తుండదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. వంటింట్లో అందుబాటులో పెట్టుకో.

ముందు చార్మినార్ సంగతి తేల్చుకుందాం. నీకు చార్మినార్ చెయ్యాలని ఉంది, వాడికి మీ ఊళ్ళో తిరిగే బీబానెన్ ట్రామ్ చెయ్యాలని ఉంది. ట్రామే చెయ్యి. నువ్వు నాకు పంపిన బిస్కెట్ ఇళ్ళ ఫొటోలన్నీ అమెరికాలో యాష్‌విల్‌వి. అక్కడ గ్రోవ్ పార్క్ ఇన్ హోటల్లో 1992 నుంచి జరుగుతున్నది పోటీ. జడ్జీలు ఉంటారు, పెట్టిన ప్రతి వస్తువూ తినగలిగేదే అయి ఉండాలన్న నియమం ఉంటుంది. కొందరు నెలల తరబడి దాని మీదే పనిచేస్తారు. వాటిని చూసి ఆనందించు, అంతేగానీ వాటితో పోల్చుకోకు. మన నార్వే బెర్గెన్‌లో 1991 నుంచి ఏటా కట్టేది ఒక ఊరు. బార్నెహాగెలు, బళ్ళు, కుటుంబాలు, కంపెనీలు తలా ఒకటి తెస్తే పక్కపక్కన పెట్టి, కొండలూ రైలూ ఓడలూ అమర్చి దీపాలు వెలిగిస్తారు. వంకర గోడలు, జారిన కప్పులు, మూడు రంగులు కలిసిపోయిన తలుపులు అందులో బోలెడు. చూడ్డానికి వచ్చే పిల్లలు వెతుక్కునేది తాము చేసిన దాన్నే. మీ వాడు కూడా ట్రామ్ ఎక్కడుందో వెతుక్కుంటాడు. అది వాడు చేసిందే అయి ఉండాలి.

ఇది క్రిస్మస్ సంబరం, మనం క్రైస్తవులం కాదు కదా, ఫరవాలేదా అని అడిగావు. ఏమీ ఫరవాలేదు. ఆ ఊరిలో ఉన్న అన్ని రకాల ఇళ్ళ పిల్లలూ చేస్తారు.

ఇంకొక లాభం, ట్రామ్ ఇంటికంటే తేలిక. నాలుగు గోడలు, పైన చదునైన కప్పు. ఏటవాలు కప్పు జారిపోతుందన్న భయం లేదు. కాకపోతే పొడుగు గోడ మధ్యలో వంగుతుంది. అందుకని పొడవు 30 సెంటీమీటర్లు దాటనివ్వకు, లోపల అడ్డంగా రెండు చిన్న గోడలు పెట్టు. బయటికి కనిపించవు, బరువంతా అవే మోస్తాయి. మొదట అట్టముక్కలు కత్తిరించి, టేప్ వేసి ఉత్త అట్టతోనే ట్రామ్ నిలబెట్టి చూడండి. ఎక్కడ కుదరలేదో అక్కడే తెలిసిపోతుంది. ఎంత సైజు వరకు తీసుకుంటారో, ఏ రోజుకి ఇవ్వాలో టీచర్ని ఇప్పుడే అడుగు. నవంబరు మధ్యలో ఊరు తెరుస్తారు కాబట్టి అక్టోబరు చివరికల్లా పిండి కలిపేసి ఉండాలి.

పిండికి 750 గ్రాముల మైదా, 300 గ్రాముల పంచదార, 250 గ్రాముల సిరప్, 200 గ్రాముల వెన్న, 100 మిల్లీలీటర్ల నీళ్ళు, ఒక చెంచా వంటసోడా. దాల్చినచెక్క పొడి రెండు చెంచాలు, శొంఠి, లవంగాలు, మిరియాల పొడి తలా ఒక చెంచా. పొడులు ఇంట్లో దంచుకున్నవైతే ఘాటు ఎక్కువ, కొంచెం తగ్గించు. సిరప్, పంచదార, వెన్న, నీళ్ళు కలిపి కరిగేదాకా వేడిచేసి, గోరువెచ్చగా అయ్యాక పిండిలో పోసి కలుపు. అప్పటికి మెత్తగా, జిగురుగా ఉంటుంది. కంగారుపడి మైదా కుమ్మరించకు. మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పొద్దునకి గట్టిపడుతుంది.

బేకింగ్ పేపర్ మీదే అప్పడంలా ఒత్తి, దాని మీదే కత్తిరించి, చుట్టూ మిగిలిన పిండి తీసెయ్యి. ముక్కని చేత్తో ఎత్తి ట్రేలో పెట్టావంటే సాగి వంకరవుతుంది. మందం 5, 6 మిల్లీమీటర్లు. 175 డిగ్రీల దగ్గర పన్నెండు, పదిహేను నిమిషాలు. కిటికీల ఖాళీల్లో గాజుబిళ్ళల్లాంటి గట్టి చాక్లెట్లు, లోపల ఏ క్రీమూ లేనివి, దంచి వెయ్యి, ఆఖరి నాలుగైదు నిమిషాలు ఉండగా. కరిగి అద్దాల్లా పరుచుకుంటాయి. చాక్లెట్లు దంచే పని బుజ్జిగాడిది. ట్రే బయటికి తీసిన వెంటనే, మెత్తగా ఉండగానే, అట్ట మళ్ళీ పైన పెట్టి అంచులు సూటిగా కోసెయ్యి. ఈ ఒక్క పని బద్ధకించకు. అంచు సూటిగా లేకపోతే ఎంత ఐసింగ్ పూసినా గోడ నిలబడదు.

ఇప్పుడు అసలు శత్రువు గురించి. బెర్గెన్‌లో ఏడాదికి రెండువందల రోజులకి పైగా వాన. ఈ బిస్కెట్ గాలిలో చెమ్మని పీల్చేసుకుంటుంది. పీల్చుకుంటే మెత్తబడి కుంగిపోతుంది. అందుకే కాల్చిన ముక్కల్ని 100 డిగ్రీల ఓవెన్‌లో ఇంకో అరగంట ఆరబెట్టు, తర్వాత వంటింట్లో కాకుండా హీటర్ ఉన్న గదిలో రెండు రోజులు ఉంచు. గోళ్ళతో కొడితే టకటకమనాలి.

అతికించడానికి అక్కడివాళ్ళు చాలామంది పంచదార కరిగించి అందులో అంచులు ముంచుతారు. నీకు పాకం చెయ్యి తిరిగిన పనే, క్షణంలో అతుకుతుంది కూడా. అయినా నా మాట విని ఐసింగ్ వాడు. పాకం చెమ్మకి చెమర్చి జిగురెక్కుతుంది. పైగా ముదురుపాకం చర్మం మీద పడితే ఊడిరాదు, పిల్లాడు పక్కన నిలబడే పని అది కాదు. ఒక గుడ్డు తెల్లసొనకి 200 గ్రాముల పంచదార పొడి, గరిట నిలబడేంత చిక్కగా. మీ అత్తగారు గుడ్డు ముట్టరు కదా, ఆవిడ కూడా చెయ్యి వేస్తానంటే శనగలు ఉడికించిన చిక్కటి నీళ్ళు తెల్లసొన బదులు గిలకొట్టు, బాగానే పనిచేస్తుంది. ముందురోజు సాయంత్రం గోడలు నిలబెట్టి, డబ్బాలు ఆనించి వదిలెయ్యి. కప్పు మర్నాడే. రంగులు, బిళ్ళలు ఆ తర్వాత. అవి పూర్తిగా వాడికి వదిలిపెట్టు. చక్రాలు ఐదు పెట్టినా సరిదిద్దకు.

దారిలో విరుగుతుందేమోనని రాశావు. గట్టి చెక్కపలక మీద ఐసింగ్‌తో అతికించి, పైన పెద్ద ప్లాస్టిక్ డబ్బా బోర్లించి తీసుకెళ్ళు. గొడుగుని నమ్ముకోకు, ఆ గాలికి నిలవదు. ఒకవేళ విరిగినా బెంగపడకు. 2009 నవంబరులో ఎవరో చొరబడి ఆ బిస్కెట్ల ఊరుని దాదాపు మొత్తం ధ్వంసం చేశారు. జనం మళ్ళీ ఓవెన్లు వెలిగించి కొద్ది రోజుల్లోనే కొత్త ఇళ్ళతో నింపేశారు. ఒక ట్రామ్ గోడ అతికించుకోవడం మీ ఇద్దరికీ కష్టమేమీ కాదు. మిగిలిన ఐసింగ్ చిన్న కవర్లో కట్టి సంచిలో వేసుకో.

పిండి కలిపే రోజు నాకు చెప్పు, వీడియో కాల్లో ఉంటాను. మందం సరిపోయిందో లేదో చూసి చెబుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ