కుందేలు గడ్డి వాసన చూసి వెనక్కి పోతోందంటే నొప్పి వల్లే కావచ్చు

పళ్ల సర్జరీ అయి రెండో రోజు, మీ కుందేలు గడ్డి దాకా వచ్చి వాసన చూసి వెనక్కి పోతోందన్నారు కదండీ. దానికి ఆకలుంది, నోటి నొప్పి తిననివ్వడం లేదనిపిస్తోంది. అదే తింటుందిలే అని మాత్రం ఆగకండి. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. 10–12 గంటలు ఏమీ తినకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ముందు డాక్టరుకు ఫోన్ చేసి, నొప్పి మందు మోతాదు సరిపోతోందా అని అడగండి. మనుషుల మాత్రలు అస్సలు వద్దు.

ఆయన సరేనంటే, పెల్లెట్లు (కుందేళ్ల గుళికల మేత) గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తటి జావలా చేసి, సూది లేని సిరంజితో పట్టండి. ముందరి పళ్ల వెనక, పక్కనుండే ఖాళీలోంచి, ఒకసారికి 1 మి.లీ. లోపే. అది నమిలి మింగాకే మళ్లీ. వెల్లకిలా పట్టుకుంటే జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, జాగ్రత్త. మా కుందేలుకు రెండు రోజులు ఇలాగే పట్టాను. మూడో రోజు సన్నగా కత్తిరించిన గడ్డి తనే అందుకుంటే ఏడుపొచ్చింది నాకు.

పెంటికలు చిన్నవైనా పడుతుంటే పేగులు కదులుతున్నట్టే. అవి ఆగినా, పొట్ట ఉబ్బి గట్టిపడినా సిరంజి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, రాత్రయినా సరే.