అస్థికల పాత్రను విమానాశ్రయం సెక్యూరిటీలో ఆపేశారా?

కాగితాలన్నీ ఉన్నా అస్థికల స్టీలు పాత్రను ఎందుకు ఆపారని అడిగారు. మీ కాగితాల్లో లోపం లేదండి, అడ్డుపడింది స్టీలు పాత్ర. ఎక్స్‌రేలో లోహం వెనక ఏముందో కనబడదు.

"మూత తీసి చూసుకోమన్నా చూడలేదు" అని రాశారు. అమెరికా విమానాశ్రయాల్లో తనిఖీలు చేసే టీఎస్ఏ పద్ధతీ అదే: పోయినవారి మీద గౌరవంతో, మనమే అడిగినా పాత్ర తెరవరు. స్కాన్‌లో తేలకపోతే లోపలికి పోనివ్వరు.

1. అస్థికలను మందపాటి కవర్లో పోసి, మూతి బిగించి, పలచటి చెక్కపెట్టెలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో పెట్టండి. అందరూ మరిచేది ఇదే. రాతి పాత్రయినా స్టీలుతో వచ్చిన తంటానే.
2. ఖాళీ స్టీలు పాత్రను చెక్-ఇన్ సామానులో వేసేయండి.
3. అస్థికలు మాత్రం చేతిసంచిలోనే. చెక్-ఇన్‌లో కొన్ని ఎయిర్‌లైన్స్ ఒప్పుకోవు.
4. మరణ, దహన ధ్రువపత్రాలు పైజేబులో ఉంచుకోండి. దేశం దాటుతుంటే, వెళ్లే దేశపు ఎంబసీని ముందే అడగండి.