కంటికి కనబడేది, అంకెకు అందనిది

అమ్మాయీ,

కంప్యుటేషనల్ జామెట్రీ, అంటే ఆకారాల లెక్కల్ని కంప్యూటరుతో కట్టించే శాస్త్రం, దాని మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిలా, రెండోసారి పెన్సిలు పట్టుకుని. భాష శుభ్రంగా ఉంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. కానీ మొదటి పేరాలోనే రోబోలు, మ్యాపులు, వీడియో గేములు, శస్త్రచికిత్స, విమానాల రెక్కలు, డ్రోన్లు అన్నీ వరసపెట్టి చెప్పేశావు. కంప్యుటేషనల్ జామెట్రీ ఎన్నిచోట్ల పనికొస్తుందో తెలిసింది గానీ, అందులో పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి దేనితో కుస్తీ పడుతున్నారో తెలియలేదు. నువ్వు రాయాల్సింది ఆ కుస్తీ గురించి.

ఒక పని చెయ్యి. కాగితం మీద ఇరవై చుక్కలు పెట్టు. వాటన్నిటినీ బిగుతుగా చుట్టే గీత గియ్యమంటే, చుక్కల్ని మేకులనుకుని, చుట్టూ రబ్బరు బ్యాండు వేసినట్టు ఊహించుకుని క్షణంలో గీసేస్తావు. దాన్నే కాన్వెక్స్ హల్ అంటారు. ఇప్పుడు కళ్లు మూసుకో. కాగితం లేదు, చుక్కలూ లేవు, నీ చేతిలో ఉన్నవి ఒక్కో చుక్క ఎక్కడుందో చెప్పే సంఖ్యలు, చుక్కకు రెండు చొప్పున నలభై. కంప్యూటరు ఉండేది ఆ చీకట్లోనే. 'బయట', 'అంచు' లాంటి మాటలు దానికి తెలియవు. 1972లో రోనాల్డ్ గ్రాహం చూపిన పద్ధతిలో అది మళ్లీ మళ్లీ వేసుకునే ప్రశ్న ఒకటుంది: మొదటి చుక్క నుంచి రెండోదానికి వెళ్లి, అక్కణ్ణుంచి మూడోదాని వైపు మళ్లితే, మళ్లింది ఎడమకా, కుడికా? నాలుగు తీసివేతలు, రెండు గుణకారాలు, ఆఖర్న ఇంకో తీసివేత. వచ్చింది ధనసంఖ్య అయితే ఎడమ, ఋణసంఖ్య అయితే కుడి, సున్న అయితే మూడు చుక్కలూ ఒకే గీత మీద ఉన్నట్టు. ఈ శాస్త్రంలో ఎన్నో అల్గారిథంలకు పునాది ఈ చిన్న లెక్కే.

నీ వ్యాసంలో నాకు అన్నిటికంటే లోటుగా తోచింది, ఆ సున్న గురించి ఒక్క మాటా లేకపోవడం. మామూలు లెక్కల్లో కంప్యూటరు దశాంశాల్ని కొంతదాకానే ఉంచుకుని మిగతాది సర్దేస్తుంది. మూడు చుక్కలు దాదాపు ఒకే గీత మీద ఉన్నప్పుడు, ఆ సర్దుబాటు వల్ల ఎడమ కాస్తా కుడి అయిపోవచ్చు. వెంట్రుకవాసి తేడాయే కదా అనిపిస్తుంది. కాదని 2004లో కెట్నర్, మేల్‌హార్న్, వాళ్ల సహచరులు చిన్న చిన్న ఉదాహరణలతో చూపించారు. ఒక్కచోట ధన, ఋణ గుర్తు తారుమారైతే చాలు, ఎక్కడో దూరంగా, కొట్టొచ్చినట్టు బయట ఉన్న చుక్కను కూడా ప్రోగ్రాము లోపలే ఉందనుకుని వదిలేస్తుంది. ఒక్కోసారి ఆగకుండా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. దీనికి విరుగుడు కూడా చెప్పు. జొనాథన్ షూచుక్ 1997లో ప్రచురించిన పద్ధతిలో ముందు లెక్క వేగంగా కడతారు, అందులో తప్పు ఎంతవరకు ఉండొచ్చో హద్దూ కడతారు. జవాబు ఆ హద్దు దాటి ఉంటే దాని గుర్తును నమ్మొచ్చు. దాటకపోతేనే మరిన్ని అంకెలతో మళ్లీ కడతారు. ఎంత చక్కటి పొదుపో చూడు! ఈ ఒక్క పేరాకి నీకు వారం పట్టినా పట్టనీ.

ఇక ఆర్ట్ గ్యాలరీ సమస్య. దాన్ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. నేనైతే వ్యాసమంతా దాని మీదే నడిపేవాణ్ణి. వంకరటింకర గోడలున్న గది అంతా కనబడాలంటే ఎంతమంది కాపలాదార్లు చాలు? 1973లో విక్టర్ క్లీ అడిగిన ప్రశ్న ఇది. గదికి ఎన్ని మూలలుంటే అందులో మూడో వంతు మంది, భిన్నం వస్తే వదిలేసి, చాలని 1975లో ఖ్వాతల్ నిరూపించాడు. 1978లో స్టీవ్ ఫిస్క్ ఇచ్చిన నిరూపణ ఇంకా చిన్నది. గదిని మూల నుంచి మూలకు గీతలు గీసి త్రిభుజాలుగా కొయ్యి. ప్రతి త్రిభుజానికీ మూడు మూలల్లో మూడు రంగులు పడేలా మొత్తం గదికి రంగులెయ్యి. అన్నిటికంటే తక్కువ మూలలకు పడిన రంగు ఏదో చూసి, ఆ మూలల్లోనే మనుషుల్ని నిలబెట్టు. ప్రతి త్రిభుజానికీ ఆ రంగు మూల ఒకటి ఉంటుంది కాబట్టి గదంతా కనబడుతుంది. బొమ్మ గీసి చూపిస్తే పదేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది.

ఇక్కడే నేను ఒకప్పుడు తప్పు చేశాను. 'మూడో వంతు మంది చాలు' అనాల్సినచోట 'మూడో వంతు మంది కావాలి' అని రాశాను. పన్నెండు మూలలున్నా, లోపలికి విరిగిన మూల ఒక్కటీ లేని గదికి ఒక్కడు సరిపోడా అని ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. ఆమె మాట నిజం. 'చాలు'కీ 'కావాలి'కీ మధ్య ఒక సిద్ధాంతమంత దూరం ఉంది. అప్పటినుంచి గణితం రాసేటప్పుడు ప్రతి క్రియాపదం దగ్గరా ఆగుతాను. నువ్వూ ఆగు.

చాలామంది ఫిస్క్‌తో ఆపేస్తారు. ఆ తర్వాతదే అసలు సంగతి. ఫలానా గది ఇచ్చి, దీనికి కనీసం ఎంతమంది కావాలి అని అడిగితే ప్రశ్న మహా కఠినమైపోతుంది. 2017లో అబ్రహమ్‌సెన్, ఆడమాషెక్, మిల్ట్సో ఒక గదిని కట్టి చూపించారు. దాని మూలల నిరూపకాలన్నీ పూర్ణసంఖ్యలే. ముగ్గురు కాపలాదార్లు చాలు, కానీ వాళ్లు నిలబడే చోట్లను భిన్నాలతో చెప్పడం కుదరదు, కరణీయ సంఖ్యలు కావాలి. భిన్నాలతో చెప్పగలిగే చోట్లే వాడాలంటే నలుగురు కావాలి. నేను మొదటిసారి చదివినప్పుడు కాగితం పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. అంత సాదా గది, అంత అందని చోటు! నీ పాఠకుణ్ణి కూడా అక్కడ కాసేపు కూర్చోనివ్వు, వెంటనే తర్వాతి విషయానికి లాక్కుపోకు.

కొత్త పరిశోధన అడిగావు కాబట్టి ఒకటి చెబుతాను. ఒక ఘనానికి తగిన దిశలో రంధ్రం చేస్తే, అంతే పరిమాణమున్న మరో ఘనం అందులోంచి దూరి బయటపడుతుంది. ఇది 17వ శతాబ్దం నుంచీ తెలిసిందే. గుంటలు లేని, చదునైన ముఖాలున్న ఆకారాలన్నిటికీ ఇది కుదురుతుందా? 2025లో స్టైనింగర్, యుర్కెవిచ్ 90 శీర్షాలున్న ఒక ఆకారాన్ని చూపి, దీనికి కుదరదన్నారు. ఆకారాన్ని తిప్పగల దిశలు అనంతం కదా. వాటన్నిటినీ కోటికి పైగా ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కనూ కంప్యూటరుతో కొట్టిపారేశారు. సర్దుబాటు తప్పులకు హద్దు కట్టడం ఇక్కడా తప్పలేదు. పైన చెప్పిన సున్న గొడవ నీ పాఠకుడికి ముందే తెలిసి ఉంటే, దీని విలువ అతనికి నువ్వు వేరే చెప్పనక్కర్లేదు.

ఉపయోగాల్లో మ్యాపులొక్కటే ఉంచుకో. లేజరుతో గదిని కొలిచే యంత్రానికి గోడ కనబడదు, లక్షల చుక్కలు మాత్రమే అందుతాయి. వాటిలోంచి గోడను మళ్లీ ఎలా నిలబెడతారో రాయి. మిగతా అయిదూ కొట్టెయ్యి.

చివర్లో 'భవిష్యత్తులో ఎన్నో అద్భుతాలు రానున్నాయి' అని రాశావు. అది తీసేసి, తెగని ప్రశ్న ఒకటి పెట్టు. గళ్ల కాగితం మీద ఏ గడి మూల నుంచి ఏ గడి మూలకైనా ఏటవాలు గీతలతో సాగే రెండు దారులున్నాయి, రెంటిలోనూ బోలెడు మలుపులు. ఏది పొట్టిది? ఒక్కో ముక్క పొడవూ ఒక వర్గమూలం, అవన్నీ కూడి పోల్చాలి. రెండు మొత్తాలూ చాలా దగ్గరగా ఉంటే ఎన్ని దశాంశాలదాకా చూడాలి? ఎంత పొడుగు దారులకైనా త్వరగా, ఖాయంగా తేల్చే పద్ధతి ఉందో లేదో ఇవాళ్టికీ ఎవరూ తేల్చలేదు.

ఈసారి వ్యాసంతోపాటు బొమ్మలు కూడా పంపు. నీ చేత్తో గీసినవే కావాలి, గీతలు వంకరగా వచ్చినా ఫరవాలేదు.

ఆశీస్సులతో.