‘అక్రూ’ అని కనిపిస్తే ఏ రోజు నుంచో అడుగు

ప్రశ్న: అక్కా, డాలస్‌లో మాస్టర్స్ పూర్తిచేసి ఈమధ్యే ఉద్యోగంలో చేరాను. హెచ్‌ఆర్ వాళ్ళ మెయిల్లో ‘పీటీఓ విల్ అక్రూ ఈచ్ పే పీరియడ్’ అని రాశారు. పీటీఓ అంటే జీతంతో ఇచ్చే సెలవు. ఊళ్ళో చదువు లోను ఇచ్చిన బ్యాంకు మెయిల్లో ‘ఇంట్రెస్ట్ కంటిన్యూస్ టు అక్రూ’ అని ఉంది. నేను మేనేజర్‌తో ‘మై లీవ్స్ గాట్ అక్యుములేటెడ్’ అంటే ఆయనకు వెంటనే అర్థం కాలేదు. ఈ రెండు మాటలూ ఒకటే కదా? ఎక్కడ ఏది వాడాలి? ఇంకొకటి, క్రెడిట్ కార్డు మీద కూడా కొంత బాకీ ఉంది. చేతిలో మిగిలేది ముందు లోనుకి కట్టనా, కార్డుకి కట్టనా?

జవాబు: తమ్ముడూ, ముందు నీ ఇంగ్లీషు సంగతి చూద్దాం. డబ్బు సంగతి అందులోంచే వస్తుంది.

ఇక్కడివాళ్ళు ‘అక్రూ’ అనే మాటను ఎక్కువగా లెక్క ఉన్నచోట వాడతారు. ఒక రేటు ఉండాలి, ఒక మొదలు తేదీ ఉండాలి, ఎవరూ ముట్టుకోకపోయినా అది పెరుగుతూ ఉండాలి. వడ్డీ అక్రూ అవుతుంది, సెలవు గంటలు అక్రూ అవుతాయి, ఆలస్య రుసుములు అక్రూ అవుతాయి. ‘ఇంట్రెస్ట్ అక్రూస్ ఆన్ ద లోన్’ అంటారు, అంటే లోను మీద. ‘బెనిఫిట్స్ అక్రూ టు ద ఎంప్లాయీ’ అంటారు, అంటే లాభం ఉద్యోగికి చేరుతుందని. ఆ ఆన్, టు తేడా ఒక్కటి పట్టుకుంటే చాలు. పలికేటప్పుడు ఒత్తు రెండో భాగం మీద వేయి, విమానంలో క్రూ అంటారే, అలా.

‘అక్యుములేట్’ కొంచెం వేరు. దానికి రేటూ తేదీ అక్కర్లేదు, గుట్టపడితే చాలు. ఇక్కడ చలికాలంలో వాతావరణం చెప్పేవాళ్ళు ‘టూ టు ఫోర్ ఇంచెస్ ఆఫ్ అక్యుములేషన్’ అంటారు, అంటే అంత మందాన మంచు పేరుకుంటుందని. మంచుకి అక్రూ అనరు. బీరువా మీద దుమ్ము, టేబుల్ మీద ఉత్తరాలు అక్రూ అవుతాయంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, వాటికి ‘పైల్ అప్’, ‘బిల్డ్ అప్’ అంటే హాయిగా ఉంటుంది. చూసుకోకుండా ఖర్చుపెట్టి బిల్లు పెంచేసుకుంటే ‘ఐ ర్యాక్‌డ్ అప్ ఎ హ్యూజ్ బిల్’ అంటారు.

నీ మేనేజర్‌కి అర్థం కానిది అక్యుములేటెడ్ ఒక్కటే కాదు. ‘లీవ్స్’ అనే మాట మనం ఇండియా నుంచి తెచ్చుకున్నది. ఇక్కడ లీవ్స్ అంటే ఆకులనుకుంటారు. ‘ఐ హ్యావ్ అక్రూడ్ ట్వెల్వ్ అవర్స్ ఆఫ్ పీటీఓ సో ఫార్’ అని చెప్పు. హెచ్‌ఆర్‌ని అడగాలంటే ‘వాట్ ఈజ్ మై అక్రూవల్ రేట్?’ అను. ఈ రెండు వాక్యాలు వస్తే ఆఫీసులో నీ పని జరిగిపోతుంది.

భాష వరకు ఇంతే. ఈ మాట తెలియక నేను పోగొట్టుకున్న డబ్బు సంగతి ఇప్పుడు చెబుతాను. ఇలాంటివి ఇక్కడ ఎవరూ పిలిచి చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. అన్నీ ఒక్కదాన్నే నేర్చుకుని నిలబడ్డాను.

నేను ఖమ్మం నుంచి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మొదటి ఉద్యోగం ఆఫర్ లెటర్‌లో ఏడాదికి పది రోజులు సెలవు అని ఉంది. మా నాన్నగారి ఆఫీసులో జనవరి రాగానే ఆ ఏడాది సీయల్లు అన్నీ ఖాతాలో పడేవి కాబట్టి ఇక్కడా అంతే అనుకున్నాను. ఏప్రిల్‌లో తమ్ముడి పెళ్ళి. టికెట్ కొనేశాను, అమ్మకి చెప్పేశాను, ఆ తర్వాత మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. ఆయన మర్యాదగానే రాశారు, ‘యూ హ్యావ్ నాట్ అక్రూడ్ దట్ మచ్ టైమ్’ అని. పది రోజులంటే 80 గంటలు. రెండు వారాలకొకసారి జీతమంటే ఏడాదికి 26 జీతాలు. ఒక్కో జీతానికి జమయ్యేది 3.08 గంటలు. జనవరి నుంచి మార్చి చివరిదాకా ఆరు జీతాలు వస్తే చేతిలో ఉండేది పద్దెనిమిదిన్నర గంటలు, అంటే రెండు రోజుల పైచిలుకు. మూడు వారాలు ఊరెళ్ళాలంటే 120 గంటలు కావాలి. ఆ రేటున అవి కూడటానికి ఏడాదిన్నర పడుతుంది. ఆ లెక్క నేను టికెట్ కొన్నాక వేశాను. పెళ్ళికి వెళ్ళాను, కానీ మిగతా రోజులకు జీతం రాలేదు. అద్దె మాత్రం ఎప్పటిలాగే కట్టాల్సి వచ్చింది. ఆ నెల గట్టెక్కడానికే మొదటిసారి కార్డు మీద బాకీ మిగిల్చాను.

అందుకని నీ పే స్టబ్, అంటే జీతం చీటీ, తెరిచి చూడు. చాలా కంపెనీల స్టబ్‌లో ఒక మూల అక్రూడ్, యూజ్‌డ్, బ్యాలెన్స్ అని మూడు గళ్ళుంటాయి. జీతం పడిందా లేదా అని చూసి మూసేయకుండా ఆ గళ్ళు కూడా చూడు. కొన్ని కంపెనీలు ఇంకా జమకాని సెలవుని అప్పుగా ఇస్తాయి. అయితే మధ్యలో మానేస్తే చివరి జీతంలో పట్టుకోవచ్చు, కాబట్టి ముందే అడుగు. ఉద్యోగం మారేటప్పుడు ‘అక్రూడ్ బట్ అన్‌యూజ్‌డ్ వెకేషన్’ అనే మాట వస్తుంది. జమయ్యి కూడా నువ్వు వాడుకోని సెలవు అది. కాలిఫోర్నియాలో అది జీతం కిందే లెక్క, ఇచ్చి తీరాలి. టెక్సాస్‌లో అలాంటి చట్టం లేదు, కంపెనీ పాలసీలో ఎలా రాసుకుంటే అలా. నేను ఆ పాలసీ చదవకుండానే ఒక ఉద్యోగం మానేశాను. అప్పటికి నాకు దాదాపు వారం సెలవు ఉంది. ఆ వారం జీతం రాలేదు. అందుకే మారబోయే ముందు చదువు అంటున్నాను.

ఇక వడ్డీ. నా మనసంతా దీని మీదే ఉంటుంది, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే.

అపార్ట్‌మెంట్‌లో నేల మీద పడుకోలేక మేము మంచం, సోఫా కొన్నాం. షాపులో పెద్ద బోర్డు, ‘నో ఇంట్రెస్ట్ ఇఫ్ పెయిడ్ ఇన్ ఫుల్ విదిన్ ట్వెల్వ్ మంత్స్’. నో ఇంట్రెస్ట్ అన్నది చదివి సంతోషపడ్డాను, మధ్యలో ఉన్న ‘ఇఫ్’ని పట్టించుకోలేదు. కాగితాల్లో సన్న అక్షరాలతో, కొన్న రోజు నుంచే వడ్డీ అక్రూ అవుతుందని రాసి ఉంది. లెక్క చెబుతాను చూడు. 1,800 డాలర్ల సామాను, ఏడాదికి 24 శాతం, నెలనెలా 140 కట్టావనుకో. పన్నెండు నెలలకి 1,680 కడతావు, ఇంకా 120 మిగులుతుంది. ఆ 120 మీదే వడ్డీ పడుతుందనుకుంటాం. కానీ మొదటి రోజు నుంచి పక్కన రాసి ఉంచిన వడ్డీ మొత్తం ఒక్కసారి మీద పడుతుంది, దాదాపు 250 డాలర్లు. 120 బాకీ ఉందనుకున్నవాడు 370 కట్టాలి. నెలకి 150 కట్టి ఉంటే సరిగ్గా పన్నెండు నెలల్లో తీరిపోయేది, వడ్డీ సున్నా. స్టేట్‌మెంట్‌లో చూపించే మినిమమ్ కడుతూ పోతే గడువులోగా తీరుతుందన్న భరోసా లేదు. మాకూ కొంచెమే మిగిలింది, వడ్డీ మొత్తం పడింది. ఆ ఏడాది పండక్కి అమ్మకి పంపుదామని దాచిన డబ్బు అందులోకే పోయింది. ఇప్పటికీ ఆ బోర్డు ఏ షాపులో కనిపించినా, పక్కన ఎవరైనా తెలుగులో మాట్లాడుకుంటుంటే ఆగి చెప్పి వస్తాను.

24 శాతం అనగానే మనకి పెద్దగా భయం వేయదు, ఏదో పరీక్ష మార్కులా ఉంటుంది. మన ఊళ్ళో భాషలో చెబితే అది నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాసివ్వాలంటే ఇంట్లో ఎంత టెన్షన్ పడతారో నీకు తెలుసు. అదే అప్పు ఇక్కడ ప్లాస్టిక్ కార్డు గీకి తెచ్చుకుంటాం, అదీ షూస్ కోసం, బర్గర్ కోసం. ఊళ్ళో నోటు మీద లెక్క నెలకి వేస్తారు, ఇక్కడ కార్డు మీద సాధారణంగా రోజుకి వేస్తారు.

కార్డు ఎలా పనిచేస్తుందో ఒక్కసారి చెబుతాను, మిగతాది నీ కార్డు అగ్రిమెంట్‌లో ఉంటుంది. నెల బిల్లు మొత్తం గడువులోగా కట్టేస్తుంటే, సామాను కొన్నదాని మీద మామూలుగా వడ్డీ ఉండదు. బిల్లు వచ్చాక కనీసం 21 రోజుల టైమ్ ఇవ్వాలి. ఒక్కసారి కొంత మిగిలిస్తే ఆ సౌకర్యం సాధారణంగా పోతుంది, కొత్తగా కొన్న పాల డబ్బా మీద కూడా కొన్న రోజు నుంచి వడ్డీ మొదలవుతుంది. మర్నెల మొత్తం కట్టేసినా, ఆపై నెల బిల్లులో మళ్ళీ కొంచెం వడ్డీ కనిపించవచ్చు. అది బిల్లు తయారైన రోజుకీ నువ్వు కట్టిన రోజుకీ మధ్య అక్రూ అయినది. దాన్ని చూసి కంగారుపడకు, కట్టేయి. కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే మాత్రం గడువు లేదు, తీసిన రోజు నుంచే వడ్డీ. ఆ పని ఎప్పుడూ చేయొద్దు.

ఇప్పుడు ఊళ్ళో లోను. చదువుతున్నంతకాలం, ఆపైన ఆరు నెలలో ఏడాదో, కట్టక్కర్లేదన్నారు కదా. కట్టక్కర్లేదు అన్నారుగానీ వడ్డీ పడదు అనలేదు. 30 లక్షలు 11 శాతానికి తీసుకున్నావనుకో, రోజుకి 904 రూపాయలు పడుతుంది. నువ్వు ఇక్కడ క్లాసులో కూర్చున్నా, వీకెండ్ నయాగరా వెళ్ళినా ఆ 904 ఆగదు. మొత్తం ఒకేసారి చేతికొచ్చి రెండున్నరేళ్ళు అలా వదిలేస్తే బారువడ్డీ లెక్కనే 8.25 లక్షలు. విడతలుగా తీసుకుంటే ఇంకాస్త తక్కువ. అసలు దెబ్బ ఆ తర్వాత ఉంది. గడువు అయిపోగానే ఆ వడ్డీని అసలులో కలుపుతారు. 30 లక్షల అప్పు 38.25 లక్షలు అవుతుంది. కలిపిన ఆ 8.25 లక్షల మీద పడే వడ్డీయే మొదటి ఏడాది 90 వేలు దాటుతుంది. మన తాతలు చక్రవడ్డీ అంటే ఎందుకు వణికేవాళ్ళో అప్పుడు తెలుస్తుంది.

నా లోను ఇంత పెద్దది కాదు. కానీ నాన్నగారు ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చారు, వడ్డీ పెరుగుతోందని నాకు ఒక్క మాట కూడా అనలేదు. బ్యాంకు నుంచి వచ్చే ఉత్తరాలు ఆయనే దాచుకునేవారు. పిల్ల చదువుకుంటోంది, టెన్షన్ పెట్టకూడదని ఆయన ఉద్దేశం. నేను అడగలేదు. నువ్వు అడుగు. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు భోజనం చేశారా అని అడిగాక, బ్యాంకు స్టేట్‌మెంట్ ఫోటో తీసి పంపమని అడుగు. ‘అక్రూడ్ ఇంట్రెస్ట్’ అన్న గడిలో ఎంతుందో నీ కళ్ళతో చూడు. గడువు ఇంకా అయిపోకపోతే, ఆ వడ్డీ వరకైనా కట్టేస్తే అసలులో కలిసేది ఏమీ ఉండదు. చదువుకునే కాలంలో వడ్డీ కడితే రేటు కొంచెం తగ్గించే బ్యాంకులూ ఉన్నాయి, మీ బ్రాంచిలో కనుక్కో. నీ తర్వాత వచ్చే పిల్లలకైనా చెప్పు.

వీసా విషయంలోనూ ఈ మాట వస్తుంది. ఓపీటీలో, అంటే చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కాలంలో, ఉద్యోగం లేని రోజులు అక్రూ అవుతాయంటారు, శని ఆదివారాలతో సహా. 90 రోజులు దాటకూడదు, సైన్సు, ఇంజనీరింగు లాంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు వస్తే మొత్తం 150. ‘అన్‌లాఫుల్ ప్రెజెన్స్’, అంటే అనుమతి లేకుండా దేశంలో ఉన్న రోజులు, అక్రూ అవడం ఇంకా పెద్ద విషయం, 180 రోజులు దాటాక దేశం వదిలితే మూడేళ్ళు, ఏడాది దాటితే పదేళ్ళు తిరిగి రానివ్వకపోవచ్చు. ఇవి నీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో, ప్రభుత్వ సైట్లలో సరిచూసుకో. నేను చెప్పగలిగింది డబ్బు గురించే.

చివరి ప్రశ్న. లోను 11 శాతం అనుకుంటే, కార్డు 24. ముందు కార్డు. ఊళ్ళో లోనుకి ఈఎమ్‌ఐ మొదలైతే అది మాత్రం తప్పకుండా కట్టు, నాన్నగారికి బ్యాంకు నుంచి ఫోన్ రాకూడదు. ఈఎమ్‌ఐ పోగా మిగిలిన ప్రతి డాలరూ కార్డుకి పోనీ. అది తీరే వరకు కొత్త ఫోన్ వద్దు, లాస్ వేగస్ వద్దు, రూమ్మేట్స్ పిలిచినా సరే. కార్డు తీరాక, నెలకి దానికి కడుతున్న అంత మొత్తాన్నీ లోనుకి తిప్పు, ఈఎమ్‌ఐ కంటే ఎక్కువ కట్టినదాన్ని అసలులోంచి తగ్గించమని బ్యాంకుకి మెయిల్ రాసి, వాళ్ళ జవాబు దాచుకో. కొన్నిచోట్ల చెప్పకపోతే దాన్ని రాబోయే వాయిదాల కింద జమ వేసుకుంటారు, అప్పుడు వడ్డీ అనుకున్నంత తగ్గదు.