జీలిబ్ ముందా, జీఆబ్జెక్ట్ ఇంట్రోస్పెక్షన్ ముందా?

చిత్తూరు నుంచి అడిగిన మిత్రులకు: లినక్స్ ప్యాకేజీలన్నీ సోర్స్ కోడ్ నుంచే బిల్డ్ చేస్తుంటే జీలిబ్‌కు (చాలా లినక్స్ ప్రోగ్రాంలు వాడే మూల లైబ్రరీ) జీఆబ్జెక్ట్ ఇంట్రోస్పెక్షన్ (అలాంటి లైబ్రరీలను వేరే భాషల నుంచి వాడుకోవడానికి వాటి వివరాలు తయారు చేసే టూల్) కావాలంటోంది, దానికేమో జీలిబ్ కావాలంటోంది, ఏది ముందు చేయాలి అన్నది కదా మీ ప్రశ్న.

నిరుడు మే నెలలో తిరుపతి బైరాగిపట్టెడలో మా గదిలో కూర్చుని ఒక ఆర్మ్ బోర్డు (ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న చిన్న కంప్యూటర్) కోసం నేనూ ఇదే పని చేశాను. నోటుపుస్తకంలో ప్యాకేజీల పేర్లు రాసి బాణాలు గీస్తూ, సరైన వరస ఎక్కడో ఉంటుందని మూడు రోజులు వెతికాను. అలాంటి వరస లేదు. ఒక ప్యాకేజీని రెండుసార్లు బిల్డ్ చేయాల్సిందే.

పెరుగు కావాలంటే పాలలో తోడు వేయాలి, ఆ తోడు కూడా పెరుగే. ఇంట్లో లేకపోతే పక్కింట్లో అడిగి స్పూనుడు తెచ్చుకుంటాం. మీ మెషీన్‌లో ఇప్పటికే డెబియన్ లినక్స్ నడుస్తుంటే ఆ తోడు దాని రిపాజిటరీలో (బిల్డ్ చేసి పెట్టిన ప్యాకేజీల నిల్వలో) సిద్ధంగా ఉంది. అక్కడి ఇంట్రోస్పెక్షన్ బైనరీ పెట్టుకుని జీలిబ్ బిల్డ్ చేయండి, ఆ జీలిబ్‌తో మీ ఇంట్రోస్పెక్షన్ బిల్డ్ చేసుకోండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

నాలాగా ఏమీ లేని చోట మొదలుపెడితే మాత్రం ముందు జీలిబ్‌ను మీసన్‌లో (దాన్ని బిల్డ్ చేసే టూల్) ఇంట్రోస్పెక్షన్ ఆప్షన్ డిసేబుల్ చేసి బిల్డ్ చేయండి. తర్వాత జీఆబ్జెక్ట్ ఇంట్రోస్పెక్షన్. ఆ తర్వాత అదే ఆప్షన్ ఎనేబుల్ చేసి మళ్లీ జీలిబ్. 2024 మార్చిలో వచ్చిన 2.80 నుంచి జీలిబ్ తన గిర్ ఫైళ్లను (ఇంట్రోస్పెక్షన్ వివరాలుండే ఫైళ్లు) తానే తయారు చేసుకుంటోంది, అందుకే పాత గైడ్లలో ఒకదానికొకటి కావాలనే ఈ లూప్ కనిపించదు. నేను కరెంటు పోతుందన్న టెన్షన్‌లో ఆ రెండో బిల్డ్ వదిలేశాను. మర్నాడు పాంగో (అక్షరాలను వరసగా అమర్చే లైబ్రరీ) దగ్గర బిల్డ్ జీఆబ్జెక్ట్ గిర్ ఫైలు దొరకలేదంటూ ఆగిపోయింది. తప్పు పాంగోలో ఉందనుకుని సగం రోజు దాని సోర్స్ తిరగేశాను. మీరు దయచేసి ఆ రెండో బిల్డ్ వదలకండి.

ఫాంట్లను చూపించే ఫ్రీటైప్, అక్షరాల ఆకారాలను ఎంచి కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీల మధ్య కూడా ఇదే కథ: ఫ్రీటైప్‌ను హార్ఫ్‌బజ్ లేకుండా ఒకసారి, హార్ఫ్‌బజ్ అయ్యాక ఇంకోసారి.

ఇంకో సంగతి, దీని మీద నాకు చాలా సమయం పోయింది. ఎన్నో లూపులు అసలు ప్రోగ్రాం వల్ల రావు, టెస్టుల వల్లా డాక్యుమెంటేషన్ వల్లా వస్తాయి. డెబియన్‌లో బిల్డ్ ఆప్షన్స్‌లో నోచెక్ (టెస్టులు వద్దు అని చెప్పే మాట) పెడితే టెస్టులు నడవవు గానీ, వాటికి కావలసిన ప్యాకేజీలను అడగడం మానదు. నోచెక్, నోడాక్ (డాక్యుమెంటేషన్ వద్దు) రెండూ బిల్డ్ ప్రొఫైల్స్ అనే వేరే సెట్టింగులో కూడా పెట్టాలి. అప్పుడు కూడా ఆ ప్యాకేజీ కంట్రోల్ ఫైలులో (దానికి ఏమేం కావాలో రాసి ఉండే ఫైలు) ఆ డిపెండెన్సీల పక్కన ప్రొఫైల్ గుర్తు ఉంటేనే పనిచేస్తుంది. లేకపోతే ఆ గుర్తు మీరే చేర్చి బిల్డ్ చేయండి, ఆ మార్పును మెయింటైనర్‌కు కూడా పంపండి.