సాయంత్రానికి కాళ్లు వాస్తున్నాయి... గుండె జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 46. పదిహేనేళ్లుగా బట్టల షాపులో సేల్స్‌మన్‌ని. రోజూ పది గంటలు నిలబడే పని. ఏడాదిగా సాయంత్రానికి రెండు పాదాలూ వాస్తున్నాయి, చెప్పులు పట్టవు. పిక్కల మీద నీలం నరాలు ఉబ్బాయి. పొద్దున్నే చూస్తే వాపు ఉండదు. ఆరు నెలల క్రితం బీపీకి ఆమ్లోడిపిన్ మొదలుపెట్టాక వాపు ఇంకా పెరిగింది. గుండె బలహీనపడితేనే ఇలా అవుతుందని అంటున్నారు. నిజమేనా? – ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఉత్తరంలో నాకు ముందు కనపడింది గుండె కాదు, ఆ పది గంటల నిలబడటం. మీరు నరాలంటున్నవి నిజానికి సిరలు, అంటే చెడు రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే గొట్టాలు. చెడు రక్తం అనేది మాటవరసకే. అందులో ఆక్సిజన్ తక్కువ, అంతే.

గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి వస్తుంది. నిమిషానికి దాదాపు 5 లీటర్లు. ధమనుల్లోకి (గుండె నుంచి రక్తం తీసుకెళ్లే గొట్టాల్లోకి) బీపీ కొలిచే లెక్కలో 120 పీడనంతో దూకిన ఆ రక్తం సన్నటి కేశనాళికలు దాటి సిరల్లోకి వచ్చేసరికి గుండె ఇచ్చిన తోపు 10, 15కి పడిపోతుంది. మరి చీలమండ నుంచి గుండె దాకా మీటరుకు పైగా ఎత్తు ఎలా ఎక్కుతుంది? ఆ పని చేసేది పిక్క కండరం. అడుగు వేసినప్పుడల్లా అది లోపలి సిరల్ని పిండుతుంది. సిరల్లోని కవాటాలు పైకి మాత్రమే తెరుచుకుంటాయి కాబట్టి, పైకి పోయిన రక్తం మళ్లీ కిందికి జారదు.

ఈ కవాటాల పని మీ చేతి మీదే చూడొచ్చు. చెయ్యి కాసేపు కిందికి వేలాడదీసి, ముంజేతి మీద ఉబ్బిన సిరను మణికట్టు వైపు ఒక వేలితో నొక్కి పట్టండి. ఇంకో వేలితో రక్తాన్ని మోచేతి వైపు తోసి, ఆ పై వేలు తీసేయండి. పైనున్న రక్తం కవాటం దగ్గరే ఆగిపోతుంది, కింద సిర ఖాళీగానే ఉంటుంది. కింది వేలు తీయగానే నిండుతుంది. రక్తం ఒంట్లో చక్రంలా తిరుగుతోందని ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లో లోకానికి చూపించింది ఇలాంటి పరీక్షలతోనే.

కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో పీడనం 80, 90 దాకా ఉంటుంది. నడిస్తే 30 లోపుకు దిగాలి. ఏళ్ల తరబడి ఆ బరువు మోసి కవాటాలు వదులైతే దిగదు. సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి, అందులోని నీరు చర్మం కిందికి ఊరుతుంది. రాత్రి పడుకుంటే వెనక్కి పోతుంది. మీ కథ దీనికి సరిపోతోంది.

దీనికి మాత్ర కూడా తోడైనట్టుంది. ఆమ్లోడిపిన్ చిన్న ధమనుల్ని వెడల్పు చేస్తుంది, సిరల్ని అంతగా చేయదు. వచ్చేది ఎక్కువై, పోయే దారి మాత్రం అంతే ఉంటే కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు ఊరుతుంది. అలాగని సొంతంగా మానేయకండి. మోతాదు తగ్గించాలో, వేరే మందుకు మార్చాలో రాసిన డాక్టరునే అడగండి. మందుల షాపులో అడిగి ఒంట్లో నీరు తీసే మాత్ర వేసుకునేవాళ్లను రోజూ చూస్తుంటాను. ఈ రకం వాపుకు అది పెద్దగా పనిచేయదు, పైగా పొటాషియం పడిపోతుంది.

గుండె వల్ల వచ్చే వాపయితే సాధారణంగా మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, నాలుగైదు రోజుల్లోనే రెండు కిలోల బరువు పెరగడం ఉంటాయి. మీరు అవేవీ రాయలేదు. అయినా బీపీ ఉంది కాబట్టి ఒకసారి ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రొటీన్ చూపించుకోండి. కాళ్లకు డాప్లర్ (రక్తం పారే తీరు చూపే స్కాన్) కూడా తీయించండి. అది మిమ్మల్ని నిలబెట్టి చేయాలి, పడుకోబెట్టి చేస్తే కవాటాల లీకు సరిగా దొరక్కపోవచ్చు. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే సిరలో రక్తం గడ్డ కట్టిందేమోనని అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. దానికి ఆయాసమో ఛాతీ నొప్పో తోడైతే 108కి ఫోన్ చేయండి.

షాపులో అరగంటకోసారి మడమలు ఎత్తి దించుతూ ఇరవై సార్లు చేయండి. కూర్చోవడానికి స్టూలు అడగండి. తమిళనాడులో 2021లో షాపు ఉద్యోగులకు కుర్చీ ఇవ్వాలని చట్టమే తెచ్చారు. బిగుతు మేజోళ్లు వాపు రాకముందే, మంచం దిగకముందే తొడుక్కోవాలి. షుగరు ఉన్నా, నడిస్తే పిక్కలు పట్టేస్తున్నా ముందు కాళ్ల ధమనుల్లో రక్తం సరిగా పారుతోందో లేదో చూపించుకున్నాకే కొనండి.