థర్మోస్టాట్ మూత గాస్కెట్ ఇంట్లో కత్తిరించుకోవచ్చా?

మీ పాత మారుతి 800లో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) కారుతున్నది థర్మోస్టాట్ (ఆ ద్రవ ప్రవాహాన్ని వేడిని బట్టి నియంత్రించే కవాటం) మూత దగ్గరే అంటున్నారు కాబట్టి, గాస్కెట్‌ను, అంటే ఆ మూత కింద కారకుండా ఆపే పలుచని పొరను, నిస్సందేహంగా కత్తిరించుకోవచ్చండి. అయితే అట్టపెట్టె ముక్క వద్దు, తడికి నానిపోతుంది. విడిభాగాల దుకాణంలో అర మిల్లీమీటరు గాస్కెట్ పేపర్ అడగండి.

ఇంజన్ చల్లారాకే మూత విప్పండి. పాత గాస్కెట్‌ను పూర్తిగా గీకేయండి, కానీ అల్యూమినియంపై గీతలు పడకూడదు. మూత అంచుకు పలుచగా గ్రీజు రాసి కాగితంపై అద్దితే అచ్చు పడుతుంది. సుత్తితో అంచు కొట్టి ఆకారం తీసే పద్ధతి పోత ఇనుముకు సరే, ఇక్కడ అల్యూమినియం అంచు నొక్కుకుపోతుంది. ముందు బోల్టు రంధ్రాలు పంచ్‌తో కొట్టి, తర్వాతే అంచులు కత్తిరించండి. ఈ వరుస తారుమారు చేస్తే మొదటి గాస్కెట్‌ను నాలాగే పారేస్తారు! బోల్టులను మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి.

ఇంజన్ బ్లాకుకు, సిలిండర్ హెడ్‌కు మధ్య ఉండే హెడ్ గాస్కెట్ మాత్రం కొనాల్సిందే. అక్కడ ఇంధనం మండేటప్పటి పీడనానికి ఈ కాగితం ఆగదు.